మన పిల్లలకు సీటు వచ్చునా?
(గూడెముల తల్లిదండ్రులు, పంచాయతీ సభ్యులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటి నుండి మన పల్లెలలో రెండు మాటలు వినబడుచుండును. “మావాడు తప్పక ఐ.ఐ.టి.కి పోవును” అనునది ఒకటి. “అంతటి చదువు మనవంటివారికి ఎక్కడిది?” అనునది రెండవది. పట్టణముల దాపున మొదటి మాటయు, అడవి లోపలికి పోయిన కొలది రెండవ మాటయు బలముగా వినబడును. ఈ రెండింటిలోను లెక్క లేదు. మొదటిది ఆశ, రెండవది అధైర్యము. ఆశను నమ్మి పొలము తాకట్టు పెట్టినవారు ఉన్నారు. అధైర్యమును నమ్మి దరఖాస్తే పంపనివారు అంతకన్న ఎక్కువమంది ఉన్నారు. మొదటివారి నష్టము ఊరందరికి కనబడును. రెండవవారి నష్టము వారికి కూడ తెలియదు.

పేరుగల విద్యాలయములో సీటు వచ్చు అవకాశము నొసటి వ్రాత కాదు. అది లెక్క చూచుకొనదగిన విషయము. ఆ లెక్కను సకాలములో, తొమ్మిదవ, పదవ తరగతులనాడే మొదలు పెట్టవలెనని మనవి చేయుటకే మేము నేడు మీ ముందుకు వచ్చితిమి.

మొదట అడుగవలసిన ప్రశ్న “ఎందరిలో?” అనునది. కొత్తగూడెము నుండి భద్రాచలము వరకు దారి ప్రక్కన కళాశాలల ప్రకటన పలకలు చూచుచున్నాము. వాటిపై ర్యాంకులు ఉండును, పిల్లల ముఖములు ఉండును. ఆ కళాశాలలో ఎందరు చేరిరి, ఎందరు పరీక్ష వ్రాసిరి, ఎందరికి సీటు రాలేదు అను అంకెలు మాత్రము ఉండవు. పది బస్తాల మిరపకాయ పండినదని ఒకడు చెప్పినచో, మన రైతు వెంటనే “ఎన్ని ఎకరములలో?” అని అడుగును. పిల్లవాని చదువు విషయములో ఆ ప్రశ్న ఏల అడుగరాదు?

ఐ.ఐ.టి.నే ఉదాహరణగా తీసికొందము. అందులో చేరుటకు రెండు పరీక్షలు కలవు. మొదటిది జె.ఇ.ఇ. మెయిన్. ఇది ఏటా రెండు విడతలుగా జరుగును; రెండింటిలో మెరుగైన ఫలితమునే లెక్కలోనికి తీసికొందురు. 2025లో దేశమంతట 14 లక్షలకు పైగా విద్యార్థులు దీనిని వ్రాసిరి. వారిలో ముందున్న రెండున్నర లక్షల మందిని జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ అను రెండవ పరీక్షకు పిలుతురు. ఆ రెండున్నర లక్షలలో షెడ్యూల్డు తెగల వారికి నూటికి ఏడున్నర వంతున 18,750 స్థానములు ప్రత్యేకింపబడినవి. 2025లో అన్ని ఐ.ఐ.టి.లలోను కలిపి సీట్లు 18 వేలకు పైబడి ఉండెను. వాటిలో ఏడున్నర శాతము లెక్కకట్టినచో ఈ తెగల వారికి 1,350 ప్రాంతమున సీట్లు ఉన్నట్లు తేలును. అనగా రెండవ పరీక్ష గుమ్మము చేరిన గిరిజన విద్యార్థులలో సుమారు పదునలుగురికి ఒక సీటు.

ఈ అంకె విని సంతోషింపవద్దు, దిగులు పడవద్దు. ఇది గుంపు యొక్క లెక్క. మీ పిల్లవాని లెక్క కాదు. ఊరిలో సగటు వర్షపాతము తెలిసినంతమాత్రమున మన చెరువులో ఎన్ని అడుగుల నీరున్నదో తెలియదు. దానికి చెరువు గట్టుకు పోయి కొలత చూడవలెను.

ఆ కొలత చూచుట ఎట్లు? జె.ఇ.ఇ. మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల కాలము. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పునకు ఒక మార్కు పోవును. ఒక విద్యార్థి 40 ప్రశ్నలకు సమాధానము వ్రాసి, 28 సరిగా, 12 తప్పుగా చేసినాడనుకొందము. వానికి వచ్చునవి 112 మార్కులు, పోవునవి 12, మిగులునవి 100. పాత ప్రశ్నపత్రములు పరీక్ష జరుపు సంస్థ వద్దనే ఉచితముగా లభించును. గడియారము ఎదుట పెట్టుకొని, మధ్యలో లేవకుండ, అట్టివి ఐదు వ్రాయింపుడు. మార్కులు 100, 62, 84, 71, 90 వచ్చినవనుకొందము. తల్లిదండ్రులు 100ను పట్టుకొందురు, పిల్లవాడు 62ను తలచుకొని కుములును. వీనిని వరుసగా పేర్చినచో నడుమ నిలుచునది 84. అదియే నేటికి వాని బలము. రెండు నెలల పిమ్మట మరల ఐదు పత్రములు వ్రాయించినచో, ఆ నడిమి అంకె పెరిగినదో లేదో తెలియును. ఒక్క పరీక్ష మార్కు కన్న ఈ పెరుగుదల మీకు ఎక్కువ చెప్పును.

రెండవ ప్రశ్న “ఏ వరుసలో?” అనునది. మన ప్రాంతములో ఎక్కువ పొరపాటు ఇచటనే జరుగుచున్నది. మెయిన్ ఫలితమును పర్సెంటైల్ అను అంకెతో తెలుపుదురు. ఇది మార్కుల శాతము కాదు. వ్రాసిన నూరుమందిలో మనతో సమానముగా గాని, మన వెనుక గాని ఎందరున్నారో తెలుపు అంకె. 2025లో రెండవ పరీక్షకు అర్హత పొందుటకు సామాన్య విభాగమున సుమారు 93.1 కావలసి వచ్చెను. షెడ్యూల్డు తెగల విభాగమున సుమారు 47.9 సరిపోయెను. ఒక కోయ బాలికకు 60 వచ్చినచో, “తొంబది మూడు రాలేదు గదా” అని ఇంట కూర్చుండబెట్టుట ఎంతటి అన్యాయము! అయితే 47.9 గుమ్మము మాత్రమే. గుమ్మము దాటినంతనే గదిలో చోటు దొరకదని గుర్తుంచుకొనవలెను.

గదిలో చోటు ఎంతవరకు దొరకినదో తెలుపు పట్టిక వేరుగా కలదు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి. సీట్లను కేటాయించు ‘జోసా’ అను ఉమ్మడి వ్యవస్థ, ఏ కళాశాలలో, ఏ శాఖలో, ఏ విభాగమునకు, మొదటి సీటు ఏ ర్యాంకునకు, చివరి సీటు ఏ ర్యాంకునకు వచ్చినదో ప్రతి సంవత్సరము ప్రకటించును. చూచుటకు రుసుము లేదు. అందులో షెడ్యూల్డు తెగల వరుసకు ఎదురుగా ఉన్నవి ఆ విభాగపు ర్యాంకులు. వాటిని సామాన్య ర్యాంకుతో పోల్చరాదు. ఒక్క సంవత్సరము కాక మూడు సంవత్సరముల చివరి ర్యాంకులు ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. మీ బిడ్డ అంచనా ర్యాంకు మూడింటికన్న ముందున్నచో ఆ సీటు చేతికందునది. మూడింటి నడుమ ఉన్నచో ఊగిసలాడునది. మూడింటికన్న కొంత వెనుక ఉన్నచో ఆశింపదగినది. మూడు రకములును పట్టికలో ఉండవలెను. ఉన్న భూమి అంతటను మిరపయే వేయు రైతు తెలివిగలవాడు కాడు. కొంత జొన్న, కొంత కంది కూడ వేయును.

ఐచ్ఛికములు పెట్టునపుడు మాత్రము మీ ఇష్టము ఎట్లున్నదో ఆ క్రమములోనే పెట్టవలెను. అందదని భయపడి మంచి కళాశాలను క్రింద వ్రాయవద్దు. పైన వ్రాసినది రానిచో, క్రిందిదానిపై మీ హక్కు తగ్గదు. ఎన్ని ఐచ్ఛికములైనను పెట్టవచ్చును.

ఇక మూడవ ప్రశ్న మన సరిహద్దు వారికే ప్రత్యేకమైనది. “ఇంటరు ఎక్కడ చదువవలెను?” భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో చింతూరు, కూనవరము, వి.ఆర్. పురము మొదలగు మండలములును, భద్రాచలము మండలములో పట్టణము తప్ప మిగిలిన గ్రామములును ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. నేడు ఎటపాక ఒక రాష్ట్రము, దానిని ఆనుకొనియున్న భద్రాచలము మరియొక రాష్ట్రము. చుట్టరికములు, సంతలు ఒకటే. గీత మాత్రము నడుమ నున్నది.

ఈ గీత సీటుపై ఎట్లు పనిచేయునో వినుడు. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు ఆ కళాశాల ఉన్న రాష్ట్రము వారికి. ఎవరు ఏ రాష్ట్రము వారని నిర్ణయించునది ఇల్లు కాదు, రేషను కార్డు కాదు. ఇంటరు ఏ రాష్ట్రములో ఉత్తీర్ణులైరో అదియే. ఎటపాక పిల్లవాడు భద్రాచలములో ఇంటరు చదివినచో వరంగల్ ఎన్.ఐ.టి.లోని తెలంగాణ వాటాకు పోటీపడును. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయే అది. అదే పిల్లవాడు చింతూరులో చదివినచో, 2015లో తాడేపల్లిగూడెమున ఏర్పడిన ఎన్.ఐ.టి.లోని ఆంధ్ర వాటాకు పోటీపడును. ఏది మేలో రెండింటి చివరి ర్యాంకులు చూచి తేల్చుకొనవలెను. ఇంటరు చేరిన పిమ్మట ఈ చర్చ చేసి ప్రయోజనము లేదు. రాష్ట్ర కళాశాలల విషయములో స్థానికతను 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అనుసరించి, చదివిన సంవత్సరములను బట్టి చూచుచు వచ్చిరి. కావున ఆ యేటి ప్రకటనను చదివి, ప్రతి తరగతి చదువు ధ్రువపత్రమును భద్రపరచవలెను. తెలంగాణ రాష్ట్ర విద్యాలయములలో గిరిజనుల రిజర్వేషను 2022లో ఆరు శాతము నుండి పది శాతమునకు పెరిగినదని కూడ తెలిసికొనుడు.

భాష సంగతి ఒకటి ఉన్నది. మెయిన్ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. అడ్వాన్స్‌డ్ మాత్రము ఇంగ్లీషు, హిందీలలోనే ఉండును. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు లెక్క వచ్చియు ప్రశ్న అర్థము కాకపోవచ్చును. కావున భౌతిక, రసాయన శాస్త్రముల ఇంగ్లీషు పదములను ఇంటరు మొదటి నెల నుండియే నేర్పవలెను. అడ్వాన్స్‌డ్ వ్రాయుటకు వరుసగా రెండు సంవత్సరములలో రెండు అవకాశములే కలవు. ఐ.ఐ.టి.లో చేరుటకు ఈ విభాగము వారికి ఇంటరులో 65 శాతము మార్కులు ఉండుట మంచిది. పరీక్ష గెలిచి ఇంటరులో జారిపడరాదు. షెడ్యూల్డు తెగల సీట్లు మిగిలిపోయినచో, కొంత తక్కువ ర్యాంకు వారికి ఒక సంవత్సరము సన్నాహక శిక్షణ ఇచ్చి మరుసటి యేట చేర్చుకొను పద్ధతియు కలదు. పట్టికలో ర్యాంకు ప్రక్కన ‘పి’ అను అక్షరమున్నచో అది ఈ శిక్షణ వారిదని గ్రహింపుడు.

రుసుము భయముతో వెనుదిరుగువారు పెక్కుమంది. 2016 నుండి ఐ.ఐ.టి.లలో షెడ్యూల్డు కులములు, తెగల విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా మినహాయింపబడినది. వసతి, భోజనము, సీటు అంగీకార రుసుము మాత్రము ఉండును. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినకూలీ కుమారునికి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు వచ్చినది. 17,500 రూపాయలు గడువు వేళకు కట్టలేక అది చేజారినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు వానిని చేర్చుకొనవలెనని ఆదేశించినది. అందరును ఢిల్లీ వరకు పోలేరు. ఆ సొమ్ము సీటు వచ్చిన నాడు వెదకునది కాదు; ముందే దాచియుంచవలసినది.

ఐ.ఐ.టి. ఒక్కటే గమ్యమని మేము చెప్పుట లేదు. 2008లో స్థాపింపబడిన బాసర విద్యాలయము ప్రవేశ పరీక్ష లేకయే, పదవ తరగతి ప్రతిభను బట్టి ఆరు సంవత్సరముల చదువునకు పిల్లలను తీసికొనుచున్నది. ప్రభుత్వ పాఠశాలల వారికి కొంత అదనపు లెక్క కలుపు పద్ధతి అచట కలదు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయము 2023 నాటి శాసనముతో ఏర్పడినది. బిడ్డకు ఏ చదువుపై మక్కువయో అడిగిన పిమ్మటనే ఈ లెక్కలన్నియు.

పంచాయతీ పెద్దలకును, ఉపాధ్యాయులకును మా మనవి ఒక్కటి. ప్రతి ఉన్నత పాఠశాల గోడపై మూడేండ్ల చివరి ర్యాంకుల పట్టికను, ఆ యేటి దరఖాస్తు తేదీలను వ్రాయింపుడు. పదవ తరగతిలోని ప్రతి బిడ్డ పేరు ప్రక్కన కుల ధ్రువపత్రము, ఆదాయ పత్రము, ఆధారు, మార్కుల పత్రము ఉన్నవో లేవో, వాటిలో పేరు ఒకే తీరున ఉన్నదో లేదో చూడుడు. ఒక్క అక్షరము తేడా చివరి దినమున సీటును అడ్డగింపవచ్చును.

లెక్క చూచిన తరువాత “రాదు” అని తేలినచో, ఆ మాట బిడ్డకు మెల్లగా చెప్పి మరియొక దారి చూపుడు. అప్పు చేసి ఆశను కొనవద్దు. “రావచ్చును” అని తేలినచో, దూరమని, భాష రాదని, మన ఇంట ఎవరును చదువలేదని ఆపవద్దు. లెక్క చూడకయే “మనకెక్కడిది” అనుట మాత్రము ఇకపై ఏ గూడెములోను వినబడకుండుగాక.