డాక్టరు పేరు వెనుక ‘డి.ఓ.’ అంటే ఏమిటి?

(మోతెలో రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది మీ రోగిని పడుకోబెట్టి, పక్క మంచం వాళ్లకు కాస్త చూడమని చెప్పి వచ్చారు. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను. సాధారణంగా ఇటువంటి సభల్లో షుగరు గురించో, బి.పి. గురించో మాట్లాడతాం. ఈ రోజు ఒక చదువు గురించి మాట్లాడతాను. చదువు సంగతి మాకెందుకు అనుకోవద్దు. మీ నడుము నొప్పికి, మీ పిల్లల పెళ్లి సంబంధాలకు, మీ పొలం కాగితాలకు కూడా దీనితో సంబంధం ఉంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు అమెరికాలో బంధువులు ఉన్న ఊళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. అక్కడ పుట్టి పెరిగిన మనవలు, మనవరాళ్లు డాక్టరు చదువులోకి వెళ్తున్నారు. వాళ్లలో కొందరి పేరు చివర ఎం.డి. అని కాక డి.ఓ. అని ఉంటుంది. అక్కడి నుంచి మాటలు మొదలవుతాయి. “అది అసలు డాక్టరేనా? మాలిష్ చేసే చదువట కదా! ఎం.డి. సీటు రాక అందులో చేరాడట.” ఇటువంటి మాటల వల్ల ఖాయమనుకున్న సంబంధాలు వెనక్కి పోతున్నాయి. పిల్ల పగలూ రాత్రీ చదువుతుంటే, ఇక్కడ నాయనమ్మ నలుగురిలో ఆ సంగతి చెప్పుకోవడానికి జంకుతుంది. ఇది సరైన పద్ధతి కాదు.

అసలు విషయం ఏమిటంటే, అమెరికాలో పూర్తి వైద్యులయ్యే దారులు రెండు. ఒకటి ఎం.డి., రెండవది డి.ఓ. డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. ఇద్దరూ మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, కాన్పులు చేస్తారు, గుండె డాక్టర్లు, పిల్లల డాక్టర్లు అవుతారు. అమెరికా అధ్యక్షునికి వైట్ హౌస్‌లో ఒక వైద్యుడు ఉంటాడు. 2018 నుంచి ఆ పదవిలోకి వచ్చిన షాన్ కాన్లీ, 2021లో వచ్చిన కెవిన్ ఓకానర్, 2025లో వచ్చిన షాన్ బార్బబెల్లా, ముగ్గురూ డి.ఓ. చదివినవారే. దేశాధ్యక్షుని నాడి చూడటానికి పనికొచ్చిన చదువు మన ఇంటి అల్లునికి పనికిరాదా?

మరి ఈ పేరు తేడా ఎందుకు వచ్చింది? దాని వెనుక ఒక తండ్రి దుఃఖం ఉంది.

ఆండ్రూ టేలర్ స్టిల్ 1828లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి మెథడిస్టు సువార్తికుడు, వైద్యం కూడా చేసేవాడు. కాన్సస్‌లో షానీ అనే ఆదివాసుల మధ్య మిషను పనిచేసిన కుటుంబం అది. స్టిల్ తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకున్నాడు. 1864లో మెదడు పొరల వాపు జ్వరం వచ్చి అతని ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ రోజుల వైద్యం ఎలా ఉండేదో మీరు ఊహించుకోవాలి. రక్తం తీసేవారు, పాదరసం కలిసిన మందులు ఇచ్చేవారు, నల్లమందు ఇచ్చేవారు. తన చేతిలో ఉన్న వైద్యం తన పిల్లలను కాపాడలేదన్న బాధ అతన్ని వదల్లేదు. పదేళ్లు ఆలోచించి, 1874లో తన కొత్త పద్ధతిని ప్రకటించాడు. ఎముకలు, కీళ్లు, కండరాలు సరైన తీరులో ఉంటే రక్తప్రసరణ బాగుంటుంది, శరీరం తనను తాను బాగుచేసుకుంటుంది అన్నది అతని నమ్మకం. అందుకే ఎముక అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆస్టియోపతి అని పేరు పెట్టాడు. ఊరూరా తిరిగి ఎముకలు సరిచేసే వైద్యునిగా కూడా బతికాడు. మన దగ్గర తిరుపతి వైపు పుత్తూరు కట్టు కట్టేవారిలాగా అనుకోండి.

1892లో మిస్సోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్ అనే చిన్న ఊరిలో బడి పెట్టాడు. మొదటి జట్టులో 21 మంది విద్యార్థులు, అందులో స్త్రీలు కూడా ఉన్నారు. ఆ కాలంలో చాలా వైద్య కళాశాలలు స్త్రీలను గడప తొక్కనిచ్చేవి కావు. ఆ బడే ఇప్పుడు ఏ.టి. స్టిల్ యూనివర్సిటీగా నడుస్తోంది.

స్టిల్ చెప్పినదంతా నిజమని నేను అనడం లేదు. మందులంటేనే అతనికి పడదు. జబ్బులన్నీ ఎముకల తీరు చెడటం వల్లే వస్తాయన్న మాట నిలబడలేదు. క్రిములు, టీకాలు, యాంటిబయాటిక్‌లు వచ్చిన తర్వాత అతని శిష్యుల శిష్యులే తమ చదువును మార్చుకున్నారు. మందుల శాస్త్రం చేర్చారు, శస్త్రచికిత్స చేర్చారు. మారినందువల్లనే ఆ చదువు బతికింది. అయినా వాళ్లను వైద్యులుగా ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాళ్లను వైద్యాధికారులుగా తీసుకోలేదు. 1966లో తీసుకున్నది. 1962లో కాలిఫోర్నియాలో ఒక విచిత్రం జరిగింది. అక్కడి డి.ఓ. కళాశాలను ఎం.డి. కళాశాలగా మార్చి, సుమారు రెండు వేల మంది డి.ఓ.లకు 65 డాలర్లు కడితే ఎం.డి. పట్టా ఇచ్చారు. నిన్న పనికిరాని డాక్టరు ఇవాళ రుసుము కట్టగానే పనికొచ్చాడు! 1973 నాటికి మొత్తం 50 రాష్ట్రాలు వాళ్లకు పూర్తి వైద్య హక్కులు ఇచ్చాయి. 2020 నుంచి ఇద్దరికీ కలిపి ఒకే రెసిడెన్సీ విధానం నడుస్తోంది. ఇప్పుడు అక్కడి వైద్య విద్యార్థుల్లో సుమారు నలుగురిలో ఒకరు డి.ఓ. చదువుతున్నవారే.

ఇక ఆ చదువు ఎలా ఉంటుంది? మన దగ్గర ఇంటర్ కాగానే ఎం.బి.బి.ఎస్. అమెరికాలో అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, తరువాత ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, తరువాత నాలుగేళ్ల డి.ఓ. మొదటి రెండేళ్లు శరీర నిర్మాణం, జబ్బులు, మందులు. ఎం.డి. పిల్లలు చదివేదే వీళ్లూ చదువుతారు. దానితో పాటు సుమారు 200 గంటలు చేతులతో చేసే చికిత్స నేర్చుకోవాలి. బల్లల మీద ఒకరినొకరు పడుకోబెట్టి, వెన్నుపూస ఎక్కడ బిగుసుకున్నదో, కండరం ఎక్కడ పట్టేసిందో వేళ్లతో తెలుసుకుంటారు. కళ్లు మూసుకుని వేళ్లతోనే చూడమంటారు. స్కానింగు కాగితం చూసి మాట్లాడటమే తప్ప రోగి ఒంటి మీద చెయ్యి వేయని డాక్టర్ల గురించి మీరు నా దగ్గర ఫిర్యాదు చేస్తుంటారు. ఆ ఒక్క విషయంలో ఈ చదువు అంటే నాకు గౌరవం.

చివరి రెండేళ్లు ఆసుపత్రుల్లో తిరగాలి. డి.ఓ. కళాశాలలు చాలావాటికి సొంత పెద్దాసుపత్రి ఉండదు. అందుకని పిల్లలను చిన్న ఊళ్ల ఆసుపత్రులకు పంపుతారు. నెలకొక ఊరు, కారులోనే సామాను. ఇక్కడ తల్లికి ఫోను చేసి “అమ్మా, ఇవాళ కాన్పు చూశాను” అని చెప్పే పిల్ల, ఆ రాత్రి ఏ ఊరిలో ఉన్నదో తల్లికే గుర్తుండదు. దీనిలో ఒక మేలు కూడా ఉంది. పల్లెల కష్టం చూసిన డాక్టర్లు తయారవుతారు. డి.ఓ.లలో సగానికి పైగా కుటుంబ వైద్యం వంటి ప్రాథమిక వైద్యంలోనే స్థిరపడుతున్నారు. మధ్యలో కాంలెక్స్ అనే పరీక్షలు మూడు మెట్లుగా ఉంటాయి. చాలామంది ఎం.డి. వాళ్లు రాసే యు.ఎస్.ఎం.ఎల్.ఇ. కూడా రాస్తారు, అంటే రెండింతల బరువు. పట్టా వచ్చాక మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. లెక్క వేసుకోండి, ఇంటర్ తర్వాత పదకొండేళ్లకు తక్కువ కాదు.

ఖర్చు సంగతి చెప్పకపోతే అన్యాయం. ప్రైవేటు కళాశాలల్లో ఫీజే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎక్కువ. ఆ పక్కన ఫోర్ట్ వర్త్‌లో టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ ఉంది. అది ప్రభుత్వ యూనివర్సిటీకి చెందినది కనుక ఆ రాష్ట్రంవారికి ఫీజు బాగా తక్కువ. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కూడా ఇటువంటి కళాశాల ఉంది. ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఉన్న కళాశాలకు మన గుజరాతీ డాక్టరు కిరణ్ పటేల్ పేరు పెట్టారు. ఎక్కువమంది పిల్లలు అప్పు మీదే చదువుతారు. 2025లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వైద్య విద్యార్థులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్ల వరకే. మిగతాది సొంతంగా చూసుకోవాలి. అందుకే సంబంధం మాట్లాడేటప్పుడు డి.ఓ.నా, ఎం.డి.నా అని అడిగే బదులు, అప్పు ఎంత ఉంది, రెసిడెన్సీ దొరికిందా అని అడగండి. ఆ ప్రశ్నకు అర్థం ఉంది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. ఇక్కడ ఒక తికమక ఉంది. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. తరువాత డి.ఓ. అని బోర్డు మీద ఉంటే, ఆయన సాధారణంగా కంటి డాక్టరు. డిప్లొమా ఇన్ ఆప్తాల్మాలజీకి కూడా అవే రెండు అక్షరాలు. నడుము నొప్పి చూపించుకుందామని అక్కడికి వెళితే కళ్లజోడు రాసిస్తారు! ఇక పట్నంలో ఆస్టియోపతి అని బోర్డు పెట్టేవారు వేరు. ఇంగ్లండులో 1993లో చట్టం చేసి ఆస్టియోపతులను నమోదు చేస్తున్నారు, కానీ వాళ్లు అక్కడ మందులు రాసే వైద్యులు కారు, చేతులతో చికిత్స చేసేవారు మాత్రమే. మన దగ్గర కొందరు ఫిజియోథెరపీ చదివి ఆపైన ఇది నేర్చుకుంటారు, కొందరు చిన్న కోర్సు చేసి బోర్డు పెడతారు. అమెరికా డి.ఓ.కు, ఈ బోర్డుకు పేరు ఒకటే, చదువు ఒకటి కాదు. వెన్ను మీద చెయ్యి వేయించుకునే ముందు “అయ్యా, మీరు ఏం చదివారు, ఎక్కడ చదివారు” అని అడగడం తప్పు కాదు. మంచివాళ్లు కోపగించుకోరు.

చేతులతో చేసే చికిత్స వల్ల మామూలు నడుము నొప్పికి కొంత ఉపశమనం ఉంటుంది. అది కొంతే, అద్భుతాలు ఆశించవద్దు. కాని కొందరికి అది ప్రమాదం. మన పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి వెన్ను సంగతి మీకు తెలిసిందే. వాళ్ల వెన్నుపూసల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు సున్నంలా గట్టిపడతాయి, వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. అటువంటి మెడను గట్టిగా తిప్పి ‘టక్’మనిపిస్తే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. వెన్నెముకకు క్షయ పట్టినవారికి, ఎముకలు గుల్లబారిన ముసలివారికి, క్యాన్సరు ఉన్నవారికి కూడా అంతే. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ముందు ఎక్స్‌రే, పరీక్షలు జరగాలి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా, కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నా, తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

నాటు కట్ల గురించి కూడా ఒక మాట. కట్టు కట్టించుకున్నాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా ఆ కట్టు వెంటనే విప్పించాలి. “మూడో రోజుదాకా విప్పొద్దన్నాడు” అని కూర్చుంటే చెయ్యి కుళ్లిపోయి తీసేయవలసి వస్తుంది. అదే చెయ్యి రెక్కాడితే గాని డొక్కాడని ఇంటిదైతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుకూ ఇదే నియమం.

చివరగా, బైపీసీ చదువుతున్న పిల్లలున్న తల్లిదండ్రులకు. “ఇంటర్ కాగానే అమెరికాలో డి.ఓ. సీటు” అని ఎవరైనా ఏజెంటు చెబితే అది నిజం కాదు. డిగ్రీ లేకుండా ఆ చదువులో చేరలేరు. విదేశీ విద్యార్థులను తీసుకునే డి.ఓ. కళాశాలలు కొన్నే. వాటిలో కూడా అమెరికాలోనో కెనడాలోనో కొంత చదువు ముందే ఉండాలని అడుగుతారు. వాళ్ల ప్రభుత్వ రుణం మన పిల్లలకు రాదు. ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చేసి అమెరికా వెళ్లేవారి దారి వేరు. వాళ్లు యు.ఎస్.ఎం.ఎల్.ఇ. రాసి రెసిడెన్సీకి వెళతారు, డి.ఓ. చదవనక్కరలేదు. మన సూర్యాపేటలోనే 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, నల్లగొండలోనూ అదే ఏడాది వచ్చింది. చేతులతో చేసే వైద్యం మీద మనసున్న పిల్లలకు ఫిజియోథెరపీ ఉంది. పక్షవాతం వచ్చిన మనిషిని తిరిగి నిలబెట్టేది వాళ్లే, ఆ పని చిన్నదేమీ కాదు.

అయినా విదేశం పంపాలనే అనుకుంటే, 2018 నుంచి విదేశీ వైద్య చదువుకు ఇక్కడ నీట్ అర్హత తప్పనిసరి. ఆ పట్టాతో తిరిగి వచ్చి మన దేశంలో వైద్యం చేయవచ్చా అన్నది ఏజెంటును కాదు, నేషనల్ మెడికల్ కమిషన్‌ను అడగాలి. కళాశాల పేరు, పట్టా పేరు రాసి ఉత్తరం పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టవద్దు, పొలం కాగితాలు ఎవరి దగ్గరా పెట్టవద్దు.