బొమ్మసంద్రలో ఆగిన రైలు
(హోసూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వచ్చిన సంవత్సరం పేరు పరాభవ. పంచాంగం విప్పగానే మన పంతులుగారు కొంచెం తటపటాయించి, "పేరు చూచి భయపడకండి, అరవై ఏండ్లకొకసారి దానికీ వంతు రావలె గదా" అన్నారు. పంచాంగ శ్రవణం అయినది, పద్యాలు అయినవి. ఇప్పుడొక గుమాస్తా లేచి రైళ్ళ సంగతి ఎత్తుకోవటం పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైనట్లు తోచవచ్చును. కార్యదర్శిగారు ఇచ్చిన వ్యవధి పదిహేను నిమిషాలు. భోజనాల వేళ మించనివ్వము.

మేము రైల్వేలో గుమాస్తాలము. చదివినది మెట్రిక్ వరకే. మెట్రో మా శాఖ కాదు. మా పాసు అక్కడ చెల్లదు కూడాను. అయినా రోజూ హోసూరు నుండి బెంగుళూరు పోయివచ్చే వాళ్ళలో ఒకరము గనుక, మెట్రో హోసూరుకు వస్తుందా రాదా అని ఏడాదిగా ప్రతి పెండ్లిలోను, ప్రతి టీ కొట్టులోను సాగుతున్న వాదంలో మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాము.

ముందుగా పాత సంగతి ఒకటి. హోసూరుకు రైలు రావటం, పోవటం కొత్త కాదు. మొరప్పూరు నుండి ధర్మపురి మీదుగా చిన్న గేజి రైలు 1913లో మన ఊరు చేరినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, దానిని మూసివేసినారు. తరువాత పాతికేండ్లకు గాని సేలం–బెంగుళూరు మార్గం 1960లలో రాలేదు. అది మీటరు గేజి. 1990లలో బ్రాడ్ గేజి అయినది. ఒక తరంవారు రైలు చూచి, మరి ఒక తరంవారు రైలు లేకుండా పెరిగిన ఊరు ఇది. అందుచేత "రైలు వస్తుందట" అంటే మన ముసలివారు అంత తొందరగా నమ్మరు. వారిని తప్పుపట్టలేము.

ఇక ఇప్పటి సంగతి. బెంగుళూరు మెట్రో పసుపు మార్గం ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు 2025 ఆగస్టు 10న ప్రారంభమైనది. పొడవు 19.15 కిలోమీటర్లు, స్టేషన్లు 16. సిల్కు బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బగోడి అన్నీ దాని దారిలోనివే. మనలో ఎన్ని ఇళ్ళవారు ఆ దారిలో పనులు చేసుకుంటున్నారో వేరే చెప్పనక్కరలేదు. సిల్కు బోర్డు కూడలిలో బస్సులో కూర్చుని చేసిన జపం లెక్కవేస్తే మనకందరికీ ఈపాటికి మోక్షం రావలసినది.

కాని ఆ మార్గం వచ్చిన తీరు కూడా గుర్తుంచుకోవలె. దానికి కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చినది 2014లో. నడిచినది 2025లో. చివరికి స్తంభాలు, పట్టాలు, స్టేషన్లు సిద్ధమైన తరువాత కూడా పెట్టెలు అందక మార్గం ఖాళీగా ఎదురుచూచినది. ప్రారంభించిన నాడు ఉన్నవి మూడే రైళ్ళు; ఇరవై అయిదు నిమిషాలకొకటి. పెండ్లిపందిరి వేసి పెండ్లికొడుకు కోసం కాచుకున్నట్లు అయినది. బొమ్మసంద్ర నుండి హోసూరుకు రేపే అనుమతి వచ్చినా, ఇవాళ ఇక్కడ వేషం వేసిన చిన్నపిల్లలు ఉద్యోగాలకు పోయేనాటికి గాని రైలెక్కరేమో.

హోసూరు వరకు పొడిగింపును తమిళనాడు ప్రభుత్వం చెన్నై మెట్రో సంస్థ చేత పరిశీలింపజేసినది. సుమారు 23 కిలోమీటర్లు. దాదాపు సగం కర్ణాటకలో, సగం తమిళనాడులో. 2025 చివరలో బెంగుళూరు మెట్రో సంస్థ ఈ రెండింటినీ కలపటం సాంకేతికంగా కుదరదని తమ ప్రభుత్వానికి తెలిపినట్లు పత్రికలలో వచ్చినది. ఆనాటినుండి మన ఊళ్ళో చాలామంది "ఇక అయిపోయింది" అని నీరుగారిపోయినారు.

ఆ "కుదరదు" అన్న మాటలో ఏమున్నదో కొంచెం విడమరచి చెప్పుకొందాము. బెంగుళూరు మెట్రోకు కరెంటు పైనుండి రాదు. పట్టాల ప్రక్కనే మూడవ పట్టా ఒకటి పరచి, అందులో 750 వోల్టుల డి.సి. కరెంటు పంపుతారు. చెన్నై మెట్రో పద్ధతి వేరు. మన పెద్ద రైళ్ళకు మల్లే పైన తీగ, అందులో 25,000 వోల్టుల ఏ.సి. కరెంటు. హోసూరు మార్గానికి చెన్నైవారు తలపెట్టినది ఈ రెండవ పద్ధతి. ఒకదానికి చేసిన పెట్టె రెండవదానిపై నడవదు. ఇది నిజమే, ఎవరో కావాలని పెట్టిన కొర్రీ అని మేమనము.

రెండు కరెంట్లకూ నడిచే రైళ్ళు లోకంలో లేకపోలేదు. లండనులో థేమ్స్‌లింక్ అనే రైళ్ళు ఊరికి ఉత్తరాన పైతీగతోను, దక్షిణాన మూడవ పట్టాతోను నడుస్తాయి. నడుమ ఫారింగ్డన్ స్టేషనులో ఆగినప్పుడు కరెంటు మార్చుకుంటాయి. ప్రయాణికుడు పేపరు మడవనైనా మడవడు. కాని అటువంటి పెట్టెలకు ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ, మరమ్మతు ఎక్కువ. డ్రైవరు లేకుండానే నడిపే ఏర్పాటు ఉన్న పసుపు మార్గంలో సిగ్నళ్ళ చిక్కు కూడా ఉంటుంది. దానికోసం మనం పట్టుబట్టి కూర్చుంటే ఇంకొక పదకొండేండ్లు గడుస్తాయి.

మరి దారి ఏమిటి? మా ఆఫీసులో రిటైరైన పెద్దలు గేజి మారే స్టేషన్ల సంగతులు చెప్పేవారు. గుంతకల్లు వంటి చోట్ల ఒక రైలు మీటరు గేజి, ఇంకొకటి బ్రాడ్ గేజి. రైలు ముందుకు పోదు, మనిషి పోవలె. మంచి స్టేషను అంటే ప్లాట్‌ఫారానికి ఈ ప్రక్క ఒక రైలు, ఆ ప్రక్క ఒక రైలు. పదడుగులు నడిస్తే చాలును. చెడ్డ స్టేషను అంటే వంతెన ఎక్కి, దిగి, కూలీని బతిమాలి, చివరికి రైలు తప్పిపోవటం. గేజి రెండు చోట్లా ఒకటే. కష్టం మాత్రం ఒకటి కాదు.

ఇటీవలి ఉదాహరణ కావలెనంటే ఢిల్లీ చూడండి. ఢిల్లీ మెట్రో 2009లో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాకు, 2010లో హర్యానాలోని గుర్‌గావ్‌కు, 2015లో ఫరీదాబాదుకు పోయినది. ఆయా రాష్ట్రాలు ఖర్చులో తమ పాలు పెట్టుకున్నవి. సరిహద్దు ఎప్పుడు దాటినదీ ప్రయాణికునికి తెలియదు. అదే నోయిడాలో 2019లో వేరొక సంస్థ వేరొక మార్గం వేసినది. ఆ మార్గపు సెక్టారు 51 స్టేషనుకు, ఢిల్లీ మెట్రో సెక్టారు 52 స్టేషనుకు మధ్య మూడువందల మీటర్లు. వేలకోట్ల పనులు చేసినవారికి ఆ మూడువందల మీటర్లు కనబడలేదు. ఎండలో, వానలో మూటలతో జనం నడవవలసి వచ్చినది.

మన భయం అక్కడున్నది. రేపు హోసూరు మార్గం బొమ్మసంద్రకు వచ్చి, రోడ్డుకు అవతల వేరే స్టేషను కట్టి, వేరే టికెట్టు పెట్టి, "మా హద్దు ఇంతే" అంటే ఆ రైలు వచ్చీ రానట్లే.

హద్దు అనగానే మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. రెండేండ్ల క్రిందట మా అమ్మకు బెంగుళూరులో కంటి ఆపరేషను చేయించినాము. సాయంకాలం బస్సులు నిండిపోయి ఎక్కనివ్వలేదు. చివరికి ఒక ఆటో అతడు అత్తిబెలె వరకు తెచ్చి, తన పర్మిటు అంతవరకేనని దించివేసినాడు. అతని తప్పు లేదు. సన్నగా వాన. కంటికి కట్టుతో అమ్మ, చేతిలో సంచితో మేము, లారీల ప్రక్కన హద్దు దాటినాము. అమ్మ నాలుగడుగులు వేసి, "గీత ఎక్కడరా? దాటినామా?" అని అడిగినది. ఏమని చెప్పగలము? ఇవతల కూడా అదే మట్టి, అదే వాన. అటు కొట్టువాడూ తెలుగులోనే పలికినాడు, ఇటు కొట్టువాడూ తెలుగులోనే పలికినాడు. గీసిన గీతల మీద మాకు తగాదా లేదు. మందు సంచితో దానిని నడిచి దాటవలసి రావటమే బాధ.

మెట్రో వద్దనేవారూ ఉన్నారు, వారి మాట వినవలె. కర్ణాటకలో కొందరు, తమ ఊరి డబ్బుతో, తమ ఊరి పరిశ్రమలు హోసూరుకు తరలిపోతాయని అంటున్నారు. మనం తెలుగువాళ్ళం ఇటూ ఉన్నాము, అటూ ఉన్నాము. పాలు కర్ణాటకవి, ఇల్లు తమిళనాడుది అన్న కుటుంబాలు మనలో ఎన్ని లేవు? వారికి ఎగతాళిగా జవాబు చెప్పకూడదు. ఉదయం హోసూరు నుండి పోయే మనిషి బెంగుళూరులోనే పని చేస్తాడు, అక్కడే టిఫిను తింటాడు, అక్కడే బట్టలు కొంటాడు. రైలుకు రెండు వైపులా తలుపులుంటాయి.

ఇంకొక మాట మన సంఘంలోనే వచ్చినది. మెట్రో వస్తుందని వినగానే అద్దెలు పెరుగుతాయి. సిప్‌కాట్ ఫ్యాక్టరీలను నమ్ముకొని కుప్పం, చిత్తూరు ప్రక్కలనుండి వచ్చి వరుస ఇళ్ళలో ఉన్నవారు ఎక్కడికి పోతారు? ఈ ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు లేదు. మేమూ అద్దె ఇంట్లోనే ఉన్నాము. బెంగుళూరు మెట్రో ఛార్జీలు 2025 ఫిబ్రవరిలో పెరిగి, గరిష్ఠం 90 రూపాయలైన సంగతి కూడా మరువరాదు. పేదవానికి బస్సు పోకూడదు. మెట్రో వచ్చినదని బస్సులు తగ్గించకుండా చూచుకోవలె.

మెట్రో వచ్చేలోగా చేతిలో ఉన్న రైలు సంగతి ఏమిటంటే, బెంగుళూరు సబర్బన్ రైలు పథకంలో ఒక మార్గం మన లైను మీది హీళలిగె వరకు మంజూరై ఉన్నది. అక్కడినుండి హోసూరు ఎంత దూరం! మెట్రో కోసం వంద ఉత్తరాలు రాసేవారు దీనికోసం పది రాసినా మేలు. ఇది మా శాఖాభిమానం అనుకున్నా సరే.

అందుచేత మన అర్జీలో "ఒకే రైలు నడపండి" అని రాయలేదు. మూడు కోరినాము. బొమ్మసంద్రలో రెండు మార్గాలకూ ఒకే కప్పు క్రింద, వీలైతే ఒకే ప్లాట్‌ఫారం మీద మార్పు ఉండవలె. టికెట్టు ఒకటే ఉండవలె. నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు బెంగుళూరులోను, చెన్నైలోను చెల్లుతూనే ఉన్నది గనుక ఇది కొత్త వింత కాదు. చివరి రైళ్ళ వేళలు రెండు సంస్థలవారూ కూర్చుని కలిపి వేయవలె, లేకుంటే రాత్రి డ్యూటీ దిగిన ఆడపిల్లలు బొమ్మసంద్రలో నిలిచిపోతారు.

అర్జీ తెలుగు, కన్నడం, తమిళం మూడింటిలోను రాయించినాము. కన్నడపు ప్రతి బెంగుళూరుకు, తమిళపు ప్రతి చెన్నైకి పోతాయి. తెలుగు ప్రతి మన దగ్గర ఉంటుంది. పచ్చడి పంచిన బల్ల ప్రక్కనే కాగితాలు, రెండు పెన్నులు పెట్టినాము. మా అమ్మ పొద్దుననే మొదటి సంతకం చేసినది, కొంచెం వంకరగా. దాని క్రింద నుండి మొదలుపెట్టండి. పెన్నులు మాత్రం జేబులో వేసుకొని పోకండి, అవి ఆఫీసువి.