మడిగె కిరాయి - కాగితముమీది మాట

వరంగల్ చౌరస్తా చుట్టుగల బజారులలో మడిగెను కిరాయికి పుచ్చుకొనుట నిత్యవ్యవహారము. యజమానియు దుకాణదారుడును కూర్చుండి స్టాంపు కాగితముపై కిరాయినామా వ్రాసికొందురు. "మూడేండ్ల పిమ్మట కిరాయి ఇరుపక్షముల అంగీకారముతో పెంచబడును" అను వాక్యము అందు చేరును. వ్రాసిన నాడు ఇది అందరికిని సమ్మతమే. మూడేండ్లు నిండిన నాడు యజమాని రెట్టింపు కోరును. దుకాణదారుడు నూటికి పది మించి ఒప్పడు. అప్పుడు న్యాయస్థానము ఆ వాక్యమును ఎట్లు చదువును? ఈ విషయమునే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

న్యాయస్థానము ఎవరి పక్షమునను బేరమాడదు. ఇరువురు చేసికొన్న బేరమును, వారు వాడిన మాటల సహజార్థమునుబట్టి, దస్తావేజు నంతటిని కలిపి చదివి తేల్చును. "మూడేండ్ల కొకసారి నూటికి పదిహేను చొప్పున పెరుగును" అని యున్నచో చిక్కు లేదు. "పెంచవచ్చును" అని యున్నచో, యజమాని కోరినగాని పెరుగదను వాదము పుట్టును. కేవలము "అంగీకారముతో" అని యున్నచో, అంగీకారము కుదరనపుడు పెంపును తేల్చుటకు కొలబద్దయే లేదు. అర్థము నిశ్చయింప వీలుకాని ఒడంబడిక చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 29వ సెక్షను చెప్పుచున్నది.

కొలబద్ద యుండి, పద్ధతి మాత్రమే చెడినచో మార్గము కలదు. ఇంగ్లండులో సడ్‌బ్రూక్ వ్యాజ్యమున, లీజుదారులు స్థలమును కొనదలచినచో ఇరుపక్షముల మదింపుదారులు ధర కట్టవలెనని షరతు. యజమానులు తమ మదింపుదారుని నియమింపలేదు. ఉద్దేశించినది న్యాయమైన ధరయే గనుక దానిని కోర్టు తేల్పవచ్చునని ప్రభువుల సభ 1982లో తీర్పు చెప్పెను. ఒప్పందములో వేరు సూచన లేనిచో, అద్దె సమీక్షకు పెట్టిన గడువు దాటినంతమాత్రమున యజమాని హక్కు పోదని అదే సభ 1977లో బర్న్‌లీ వ్యాజ్యమున నిర్ణయించెను. ఈ తీర్పులు మన కోర్టులను బంధింపవు, దారి చూపగలవు.

మాట యెంత స్పష్టమైనను కాగితము చెల్లవలెను గదా! ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము శాసించుచున్నది. రిజిస్టరు కాని కాగితమును ఆనుషంగిక ప్రయోజనమునకే సాక్ష్యముగా చూపవచ్చును. లీజులోని ముఖ్యమైన షరతును అమలుపరచుట అట్టి ప్రయోజనము కాదని 2008లో కె.బి. సాహా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున పెంపు కోరు యజమానికే కాదు, పెంపునకు హద్దు కలదని చెప్పు దుకాణదారునకును ఆ కాగితము అక్కరకు రాకపోవచ్చును.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద న్యాయమైన అద్దెను నిర్ణయింపుమని ఇరువురిలో ఎవరైనను కంట్రోలరును కోరవచ్చును. కాని 2005 నాటి సవరణ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల కట్టడములను ఆ చట్టమునుండి తప్పించినది. వరంగల్ నగరపాలక సంస్థయే గనుక, ఆ మొత్తము దాటిన మడిగెకు కిరాయినామాయే రక్ష.

ఎంత పెరుగవలెను? ఎప్పుడు పెరుగవలెను? మాట కుదరనిచో ఎవరు తేల్పవలెను? ఈ మూడింటిని అంకెలతో వ్రాసి, రిజిస్టరు చేయించుడు. ఆనాటి చిన్న ఖర్చు, రేపు మడిగెను, ఇరువురి స్నేహమును నిలుపును.