గెడ్డ చివర ఏముంది?



సభ పెట్టిన ప్రతిసారీ మనం "జల్, జంగల్, జమీన్" అని నినాదం ఇస్తాం. జంగల్ అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. జమీన్ అంటే పోడు. జల్ అనగానే గుర్తొచ్చేది ఊరి పక్క గెడ్డ. ఈరోజు మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ గెడ్డ ఎక్కడికి పోతోంది?

మహేంద్రగిరి నుంచి దిగే మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నియంగిరి వాగుల నీళ్లు మోసుకొచ్చే వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. ఇవి ఒట్టి నీళ్లే తీసుకుపోవు. కొండ మట్టి, ఇసుక, అడవిలో రాలి కుళ్లిన ఆకుల సారం, అన్నీ తీసుకుపోతాయి. మన జిల్లా ఒడ్డున ఇసుకలో ఎర్రగా, నల్లగా చారలు చూసే ఉంటారు. ఆ ఎర్ర రేణువులు గార్నెట్. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి అరిగి అరిగి అక్కడికి చేరినవి. ఆ రాయికి ఖొండలైట్ అని ఎందుకు పేరొచ్చిందో తెలుసా? ఖోండు ఆదివాసుల పేరే దానికి పెట్టారు. అంటే ఉద్దానం ఒడ్డున మత్స్యకారుడు పడవ లాగే ఇసుకలో మన కొండ ఉంది.

సముద్రం అడుగున చేరే ఆ ఒండ్రును, బురదను పనికిరానిదనుకోకండి. అది చేపల పొలం. అందులో పురుగులు, గుల్లలు, పీతలు బతుకుతాయి. వాటిని తిని చేప పెరుగుతుంది. మట్టి చెడితే పంట చెడినట్టే, బురద చెడితే వల ఖాళీగా వస్తుంది.

ఆ బురద చెడేది మూడు రకాలుగా.

మొదటిది, రావాల్సిన ఇసుక రాకపోవడం. నదికి అడ్డంగా బ్యారేజీలు, రిజర్వాయర్లు కట్టినప్పుడు నీళ్లతో పాటు ఒండ్రు కూడా ఆగిపోతుంది. నదిలో ఇసుక తవ్వి లారీలకెత్తితే ఇంకొంత పోతుంది. ఒడ్డున ఇంకో అడ్డు ఉంది. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. మధ్యలో సముద్రంలోకి రాతి గోడ కడితే దక్షిణం పక్క ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. దానికి ఉత్తరాన ఉన్న ఊళ్ల ఒడ్డు ఏటా ఎంత జరుగుతోందో కొలిచి, ఆ లెక్క ఊళ్లో గోడకు అంటించమని అడగడం తప్పా? కోత మొదలయ్యాక రాళ్లు పోస్తే ఏమవుతుందో కాకినాడ దగ్గర ఉప్పాడకు వెళ్లి చూడండి.

రెండోది, విషం కలిసిన బురద. పురుగుమందు, ఫ్యాక్టరీ నీళ్లలోని లోహాలు సముద్రంలో పడ్డాక మాయమైపోవు. సన్నటి ఒండ్రుకు అంటుకుని అడుగుకు చేరతాయి. పైన నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అధికారి వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుని "బాగానే ఉంది" అని చెప్పి వెళ్లిపోవచ్చు. విషం ఉన్నది సీసాలో కాదు, అడుగున. పడవల దారి కోసం అడుగు తవ్వినప్పుడు అదంతా మళ్లీ పైకి లేస్తుంది.

ఇక్కడ బీల, తంపర సంగతి చెప్పాలి. సోంపేట బీల, నౌపడ తంపర లాంటి చిత్తడి నేలలు గెడ్డల నీళ్లను ఆపి, మట్టిని వడగట్టి, మెల్లగా సముద్రానికి వదులుతాయి. రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు అవే ఊయల. తేలినీలాపురం వచ్చే కొంగలకు, గూడబాతులకు తిండి దొరికేది ఆ చుట్టుపక్కలే. అలాంటి నేలను బంజరని రాసి థర్మల్ ప్లాంట్లకు ఇచ్చారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బంజరు అన్న మాట మనకు కొత్తా? మన పోడును కూడా అలాగే రాశారు కదా.

మూడోది, వాతావరణం మారడం. బంగాళాఖాతం వేడెక్కితే తుఫానుకు బలం పెరుగుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస పక్క వజ్రపుకొత్తూరు తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలకూలాయి. కొండల మీద మన జీడి తోటలూ కూలాయి. పక్కనే ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియ విరిగి ఆదివాసులు చనిపోయారు. ఒకటే తుఫాను, అటు ఒడ్డునూ కొట్టింది, ఇటు కొండనూ కొట్టింది. చెట్టు లేని కొండ మీద ఒక్క రోజులో కుండపోత పడితే ఏడాదంతా మెల్లగా దిగాల్సిన మట్టి ఒక్కసారే దిగి, అడుగున ఉన్న గుల్లలను కప్పేస్తుంది. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు సంగతి చూడండి. పిల్ల ఆడో మగో ఇసుక వేడి తేలుస్తుంది. వేడి మరీ పెరిగితే దాదాపు అన్నీ ఆడవే పుడతాయి. మగ లేకపోతే ఆ జాతి ఎన్నాళ్లు?

ఒక జాగ్రత్త కూడా చెప్తాను. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. దానికి కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. కాబట్టి మైకు దొరికింది కదా అని ప్రతిదీ దానికి ముడిపెట్టొద్దు. కానీ మంచాన పడ్డాక పరీక్షలు మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఆ ఊళ్లకు బాగా తెలుసు. బురద విషయంలో ముందే పరీక్ష చెయ్యమని అడుగుదాం.

మరి మనం చెయ్యగలిగింది ఏంటి?

ఒకటి. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాతో ఆగకండి. సామూహిక హక్కు కూడా అడగండి. గెడ్డ పుట్టే చోటును కాపాడే అధికారం గ్రామసభకు అందులోనే ఉంది. 2013లో నియంగిరిలో 12 గ్రామసభలు ఒక్క మాట మీద నిలబడి కొండను దక్కించుకున్నాయి. ఆ కొండ నీళ్లే వంశధారలో మన జిల్లాకు వస్తున్నాయి.

రెండు. క్వారీకో, ఫ్యాక్టరీకో, పోర్టుకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలన్నది నిబంధన. ముందే తీసుకుని చదవండి. "నీళ్లు కాదు, బురద పరీక్ష ఏది?" అని అడగండి. జవాబు మినిట్స్‌లో రాయించండి.

మూడు. మీ గెడ్డ దగ్గర ఒక రాయికి గుర్తు పెట్టుకోండి. నెలకోసారి అక్కడి నుంచే ఫోన్‌లో ఫోటో తియ్యండి, తేదీ రాసుకోండి. ఒడ్డున ఉన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను కూడా అలాగే తియ్యమనండి. రెండేళ్లకు మీ చేతిలో ఎవరూ కాదనలేని సాక్ష్యం ఉంటుంది.

ఇన్నాళ్లూ కొండ సభకు కొండవాళ్లం వచ్చాం, ఒడ్డు సభకు ఒడ్డువాళ్లు వెళ్లారు. వచ్చే సభకు మీరు ఒక్కరే రావొద్దు. గెడ్డ దిగిన దారిలోనే దిగి వెళ్లి, దాని చివర వల వేసుకునే వాళ్లను కూడా పిలుచుకుని రండి.

జల్, జంగల్, జమీన్. ఆ జల్‌లో సముద్రం కూడా ఉంది.