వెండిమీఁది పొడియక్షరములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పాత ఉగ్గుగిన్నెయో, ఉద్ధరిణియో మన కుంపటియొద్దకు వచ్చినప్పుడు తూకము చూతుము, వన్నె చూతుము, మూసలో వేయుదుము. చేసినవాఁడెవఁడని చూడము. చూచినను తెలియదు, పేరుండదు గనుక. ఈ లోపమును గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

రుష్యాదేశపు పాత వెండిచెంచాను త్రిప్పి చూచినచో చిన్నచిన్న ముద్రలు కానవచ్చును. 84 అను అంకె వన్నెను తెలుపును. అచ్చట శుద్ధమైన వెండిని 96 పాళ్లుగా నెంచెడివారు. అందు 84 పాళ్లనగా వేయింట 875. రౌతు ఘటసర్పమును బొడుచుచున్న ముద్ర మాస్కోది. అడ్డముగా నమర్చిన రెండు లంగరులు పీటర్సుబర్గువి. 1899 మొదలు వీనికి బదులు శిరోభూషణము దాల్చిన స్త్రీముఖము వచ్చెను. అది యెడమకు జూచినచో 1908కి ముందరిది, కుడికి జూచినచో తరువాతిది. దొంగముద్రలును గలవు, కావున ముద్రతోపాటు పనితనమును పరీక్షింపవలయును.

ఇవిగాక, వస్తువును చేసినవాని పొడియక్షరములు వేఱుగా నుండును. పీటర్సుబర్గులో ఫాబెర్జే సంస్థకు కర్మశాల నడపి 1903లో మరణించిన మిఖాయిల్ పెర్ఖిన్ కర్షకుల బిడ్డ. యజమాని పేరుతోపాటు అతని పొడియక్షరములును వస్తువులపై నుండుటచేతనే, ఏది అతని కర్మశాలలో నైనదో నేఁటికిని చెప్పఁగలుగుచున్నారు.

ఇది మనకు క్రొత్తగాదు. ఈ సీమ నేలిన విజయనగర రాజుల తామ్రశాసనములలో, చెక్కిన వీరణాచార్యుని పేరు చివర నున్నది. రాజుతోపాటు శిల్పియు నిలిచెను. నేఁడో? ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లకు పేరుపొందినది. నగను చూచినవారు అంగడిపేరు చెప్పుదురు. చేసినవాని పేరు చెప్పఁగలవారెవరు?

2021 వఱకు బంగారపు హాలుమార్కులో వర్తకుని గుర్తుండెడిది. ఆ యేఁటి జూలై నుండి దానికి బదులు ఆరు అక్షరాంకముల సంకేతము వచ్చెను. 2025 సెప్టెంబరు 1 నుండి వెండి హాలుమార్కునకును అట్టి సంకేతమే. ఇవి కొనువానికి రక్ష, సంతోషమే. కాని పనివాని పేరు వీనిలో లేదు.

కావున నా మనవి యిది. కర్నూలు, కడప మండలముల ప్రతి పనివాఁడును రెండక్షరముల ముద్ర యొకటి చేయించుకొని, హాలుమార్కునకు తగులకుండ వస్తువు వెనుక వేయవలయును. సంఘము ఒక రాగిరేకుపై ఆ ముద్రలన్నిటిని వేయించి, ప్రక్కన పేరును ఊరును చెక్కించి భద్రపఱుపవలయును. ఖర్చు స్వల్పము.

మూసలో కరగిన పనితనము మరల రాదు. ఇఁక చేయఁబోవు దానికైనను మన పేరుండనిండు.