పెద్దల వినికిడి – మన బాధ్యత
(రామతీర్థంలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి రంజాన్‌లో మేము సరుకులు పంచుతూ ఒక ఇంటికి వెళ్లాం. అరుగు మీద చాచా కూర్చున్నారు. సలాం చేస్తే పలకలేదు. కోడలు వచ్చి భుజం తట్టాక తలెత్తారు. "అజాన్ వినబడి నాలుగేళ్లయింది బాబూ. మనవరాలు ఏదో అంటుంది, నేను నవ్వుతాను. ఏమందో తెలీదు" అన్నారు. సంచి ఇచ్చి వచ్చాం గాని, ఆయనకు కావలసింది అందులో లేదు.

అరవై దాటినవారిలో నూటికి పాతికమందికి పైగా ఇబ్బంది పెట్టే వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వయసు మీద పడితే మామూలే అని మనం ఊరుకుంటాం. వినబడని మనిషి మెల్లగా పెళ్లిళ్లు, పలకరింపులు మానుకుంటాడు. డిమెన్షియా ముప్పును పెంచే కారణాల్లో, మనం సరిదిద్దగలిగినవాటిలో, వినికిడి లోపం ఒకటని 2020లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది.

చాలామందికి గుబిలి తీయించినా, చెవి మిషను పెట్టించినా సరిపోతుంది. కొందరికి లోపలి చెవిలోని సన్నని కణాలే దెబ్బతింటాయి. మిషను మోత పెంచుతుంది గాని మాట తెలియదు. వారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. చెవి వెనక పెట్టే యంత్రం శబ్దాన్ని పట్టి, లోపల అమర్చిన తీగ ద్వారా నేరుగా వినికిడి నరానికి అందిస్తుంది. మెల్‌బోర్న్‌లో 1978లో గ్రేమ్ క్లార్క్ బృందం అమర్చిన తొలి ఇంప్లాంట్ ఒక వయోజనుడికే. క్లార్క్ తండ్రికీ చెవుడే.

ఆపరేషన్ చేసిన రోజే వినబడదు. కొన్ని వారాల తర్వాత యంత్రం ఆన్ చేస్తారు. మొదట్లో మాటలు వింతగా ఉంటాయి. నెలల తరబడి సాధన కావాలి. ఒకప్పుడు విని మాట్లాడినవారికి పాత మాటలు గుర్తుంటాయి గనుక ఆ సాధన ఫలిస్తుంది. ఏళ్లకేళ్లు ఆలస్యం చేస్తే ఫలితం తగ్గవచ్చు.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. ప్రభుత్వ పథకాల సాయం ప్రధానంగా పిల్లలకే. అది న్యాయమే, మాటలు నేర్చే వయసు వాళ్లది. కాని పెద్దలకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది.

"ఒక ఇంప్లాంట్ డబ్బుతో ఎన్నో మిషన్లు వస్తాయి కదా" అని ఒక సభ్యులు అడిగారు. సరైన ప్రశ్నే. అందుకే ముందు ఉచిత పరీక్షలు, తర్వాత మిషన్లు, మిషను పనిచేయనివారికి మాత్రమే ఇంప్లాంట్ అని మా ప్రతిపాదన. బ్యాటరీలకు, మరమ్మతులకు, శిక్షణకు వేరే నిధి ఉండాలి. లేకపోతే కొన్నది అల్మరాలో పడి ఉంటుంది.

రామతీర్థంలో గుడిగంట వినబడని తాతలున్నారు, అజాన్ వినబడని చాచాలున్నారు. ఈ సాయం అందరికీ.

చాచాను పరీక్షకు తీసుకెళ్లాం. మిషను చాలదని, ఇంప్లాంట్‌కు ఆయన ఆరోగ్యం సరిపోతుందని డాక్టరు చెప్పారు. ఆయన అడిగింది ఒక్కటే: "ఈ వయసులో నా మీద అంత ఖర్చా?" దానికి మీ అందరి తరఫున జవాబు చెప్పాలి. ఈ నిధికి మీరు రాసే అంకే ఆ జవాబు.