లావా సరస్సు చల్లారు విధము

నివురుగప్పిన నిప్పు అను మాటను మనము మనుష్యుల కోపమును గూర్చి వాడుదుము. ప్రకృతిలో ఆ మాటకు సరిపోవు పెద్ద ఉదాహరణము లావా సరస్సు. పైన చూడ నల్లని రాయి. దాని క్రింద కరగిన శిల. ఆ శిల ఎట్లు చల్లారి స్ఫటికములుగా మారునో మనకు చక్కగా తెలిపిన సరస్సు హవాయి ద్వీపములో నున్నది. దాని పేరు కిలవేయా ఇకి.

1959 నవంబరు 14వ తేదీన ఈ బిలములో నేల పగిలి లావా ఎగజిమ్మసాగినది. డిసెంబరు 20 వరకు విడతలు విడతలుగా సాగిన ఆ ఉద్గారములో అది ఒకప్పుడు సుమారు 580 మీటర్ల ఎత్తునకు లేచినది. అంతయు ముగియునప్పటికి బిలములో 100 మీటర్లకు మించిన లోతున ద్రవశిల నిలిచిపోయినది. అది బయటికి పారిపోవు దారి లేదు. ఇక మిగిలినది చల్లారుటయే.

కాచిన పాలపై మీగడవలె మొదట దానిపై పెంకు కట్టును. తొలిదినములలో ఆ పెంకు పలకలుగా పగిలి మునుగుచుండును. ఆ చోటికి ఎర్రని ద్రవము వచ్చి మరల పెంకు కట్టును. క్రమముగా పెంకు నిలద్రొక్కుకొనును. రాయి వేడిని సులభముగా దాటనీయదు. కనుక చల్లదనమువలన పుట్టిన పెంకే లోపలి ద్రవమునకు కంబళియగును. పెంకు మీటరు మందము కట్టుటకు ఒక మాసము పట్టినదనుకొందము. రెండు మీటర్లకు రెండు మాసములు చాలవు, నాలుగు కావలెను. మూడు మీటర్లకు తొమ్మిది. పగుళ్ళలోనికి దిగిన వాననీరు ఆవిరియై కొంత వేడిని కొనిపోవుటచే ఈ లెక్క కొంత మారవచ్చును.

శాస్త్రజ్ఞులు ఆ పెంకుపై నిలిచియే, 1960 మొదలు 1988 వరకు పలుమారులు రంధ్రములు తొలిచి, వేడిని కొలిచి, శిలాఖండములను పైకి తీసిరి. వాటివలన తెలిసిన మొదటి సంగతి యిది. నీరు సున్న డిగ్రీలవద్ద ఒక్కసారిగా గడ్డకట్టును. లావా అట్లు కాదు. సుమారు 1200 సెంటిగ్రేడు డిగ్రీలవద్దనే ఆకుపచ్చని ఓలివిన్ స్ఫటికములు దానిలో నుండును. వేడి తగ్గుకొలది ఆగైటు, ఆపై ప్లేజియోక్లేసు అను ఖనిజములు పుట్టును. 1070 డిగ్రీల ప్రాంతమున ద్రవములో ఇంచుమించు సగము స్ఫటికములై, అది బిగిసి కదలలేని స్థితికి వచ్చును. పూర్తిగా రాయి యగుటకు వేడి 1000 డిగ్రీలకు దిగువకు రావలెను.

రెండవ సంగతి ఇంకను ముఖ్యము. ఓలివిన్ ద్రవముకంటె బరువైనది. కనుక అది అడుగునకు దిగును. మిగిలిన ద్రవములో సిలికా, ఇనుము, టైటానియముల పాలు హెచ్చును. ఆ ద్రవము బిగిసిన రాతిలోని చీలికలలోనికి చొచ్చి వేరొక శిలగా గడ్డకట్టును. అనగా ఒకే ద్రవమునుండి భిన్నమైన శిలలు జనించును. 1915లో ఎన్. ఎల్. బోవెన్ ప్రయోగశాలలో చిన్న మూసలో స్ఫటికములు ఇట్లు దిగుటను చూపెను. మూసలోని ఆ విషయము ఇక్కడ కొండబిలమంతటి పాత్రలో, జరుగుచుండగనే, పరీక్షకు వచ్చినది.

1963లో ఏర్పడిన ఆలే సరస్సు, 15 మీటర్ల లోతుదగుటచే, సుమారు ఒక సంవత్సరములోనే గట్టిపడినది. కిలవేయా ఇకి పూర్తిగా గట్టిపడుటకు 1990 దశాబ్దము నడిమి వరకు, అనగా ముప్పది యైదేండ్లు పట్టినది. నేడు ఆ నేలపై యాత్రికులు నడచుచున్నారు. అక్కడక్కడ ఆవిరి మాత్రము ఇంకను లేచుచున్నది.

మన ఆదిలాబాదు ప్రాంతమునను, రాజమహేంద్రవరమునకు సమీపమున పంగిడివద్దను ఉన్న నల్లరాయి ఈ జాతిదే. అది సరస్సుగా నిలిచినది కాదు. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట ప్రవాహములై పారి గడ్డకట్టినది. దానికిని ఈ సూత్రమే. త్వరగా చల్లారిన రాతిలో రేణువు సన్నము. నెమ్మదిగా చల్లారిన దానిలో ముతక. ఆ రాతిని విరిచి చూచువాడు, అది చల్లారుటకు తీసికొనిన వ్యవధి యెట్టిదో దాని రేణువులలో చదువుకొనవచ్చును.